లేబుల్ మీద తప్పు, బిళ్ళ మీద తప్పు

మీ పర్సులోంచి ఒక రూపాయి బిళ్ళ తీసి సంవత్సరం కింద చూడండి. చిన్న నక్షత్రం ఉంటే అది మన హైదరాబాద్ మింట్‌లో తయారైనట్టు. డైమండ్ ఆకారం ఉంటే ముంబయి, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. ఇన్నేళ్ళుగా పాలవాడికీ, కూరలమ్మికీ చిల్లర లెక్కపెట్టి ఇస్తున్నా ఈ సంగతి నాకు ఈ మధ్యే తెలిసింది. చెప్పింది మా అన్నయ్య నోట్‌బుక్కు.

అన్నయ్యకి నాణేల పిచ్చి. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగొస్తే మేమంతా గాజుల కొట్ల దగ్గర ఉండేవాళ్ళం, తను మాత్రం కొట్టువాళ్ళ దగ్గర నోట్లిచ్చి చిల్లర తెచ్చుకునేవాడు. రాత్రి దీపం కింద కూర్చుని ఒక్కొక్కటీ తిప్పి చూసేవాడు. తను పోయి ఏడాదిన్నర అయింది. వదినా, ఇంజినీరింగ్ ఆఖరి ఏడాదిలో ఉన్న మా మేనకోడలూ మిగిలారు. ఒక కాగితంలో అన్నయ్య ఇంటిపేరు ఒక్క అక్షరం తప్పు పడడంతో పెన్షన్ ఆగిపోయింది. దాని కోసం వదిన ఆఫీసు చుట్టూ అప్పటికి మూడుసార్లు తిరిగింది.

అలాంటప్పుడు ఒక రోజు నాకు ఫోన్ చేసింది. "ఏటమ్మా, నాణెం మీద తప్పుంటే ఎక్కువ రేటంట కదా? ఈ డబ్బీలోదానికి నాలుగు లక్షలిస్తానంటన్నాడు ఒకాయన. ముందు పన్నెండు వేలు కట్టాలంట. దుద్దులు కుదువ పెడదామనుకుంటన్నాను" అంది.

శ్రీకాకుళం నుంచి మర్నాడే బస్సెక్కాను.

ఆ డబ్బీ సంగతి చెప్పాలి. నాణేలు సేకరించేవాళ్ళు వాటిని గ్రేడింగ్‌కి పంపుతారు. 1986, 87ల్లో అమెరికాలో ఇందుకోసం పెద్ద కంపెనీలు మొదలయ్యాయి. నాణెం అసలుదో నకిలీదో చూసి, ఎంత బాగుందో 1 నుంచి 70 దాకా మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బీలో మూసి, పైన లేబుల్ పెట్టి ఇస్తారు. అన్నయ్య స్నేహితుడొకాయన అక్కడుండేవాడు. తన వాటితో పాటు అన్నయ్య బిళ్ళ కూడా ఒకటి వేయించాడు. అది 1990ల నాటి రెండు రూపాయల బిళ్ళ. దేశం పటం ఉన్న, పదకొండు పలకలది, మనందరం వాడిందే. దాని మీద నక్షత్రం స్పష్టంగా ఉంది. లేబుల్ మీద మాత్రం ముంబయి అని ఉంది.

ఈ తప్పుకే నాలుగు లక్షలట.

తప్పుకి విలువ రావడమన్నది అబద్ధం కాదు. మింట్‌లో అచ్చు పక్కకి జరిగి బొమ్మ సగమే పడిన బిళ్ళలకి మంచి ధర వస్తుంది. మన దేశంలోనే 1854లో వేసిన నాలుగణాల స్టాంపుల్లో కొన్నిటి మీద రాణి తల తలకిందులుగా పడింది. ఇప్పుడవి ప్రపంచంలోనే పేరున్న స్టాంపులు. కానీ ఆ తప్పు వస్తువులోనే ఉంది. అది పుట్టినప్పుడే పడింది, ఇంక ఎవరూ దిద్దలేరు, కావాలన్నా మళ్ళీ చెయ్యలేరు. అందుకే దానికి ఆ ధర.

లేబుల్ తప్పు అలాంటిది కాదు. అది టైపు చేసినవాళ్ళ చేతి పొరపాటు. ఆ రంగంలో దాన్ని మెకానికల్ ఎర్రర్ అంటారు. కంపెనీకి తిప్పి పంపితే కొత్త లేబుల్ వేసిస్తారు. అంతటితో ఆ 'అరుదైన తప్పు' మాయం. మామూలుగా వాళ్ళిచ్చే గ్యారంటీ కూడా చూడగానే తెలిసిపోయే ఇలాంటి రాత తప్పులకి వర్తించదు. అలాంటి డబ్బీలు సరదాకి దాచుకునేవాళ్ళు లేకపోలేదు. వాళ్ళకి నచ్చితే కాస్త ఎక్కువిస్తారు. అది వాళ్ళ ముచ్చట, మార్కెట్ ధర కాదు. ఒక్కోసారి ఈ తప్పు నష్టం కూడా తెస్తుంది. మామూలు బిళ్ళకి అరుదైనదాని లేబుల్ పడితే, లేబుల్ చూసి కొన్నవాళ్ళు మోసపోతారు.

మనకి తెలిసిన బంగారంతో చెప్పుకుందాం. గాజు మీద 916 ముద్ర, ఆరు అక్షరాల, అంకెల హెచ్‌యూఐడీ ఉంటాయి. కొట్లో దారంతో కట్టిన చీటీ మీద పన్నెండు గ్రాములని రాసి, కాటాలో పది తూగితే, మనం పదికే డబ్బిస్తాం. చీటీ తప్పని పన్నెండుకి ఇవ్వం కదా!

మన జిల్లా సంగతే ఇంకొకటి. ముఖలింగం ఒకప్పుడు కళింగనగరం, తూర్పు గాంగుల రాజధాని. వాళ్ళ బంగారు ఫణాలు అర గ్రాము కూడా తూగవు. ఒక పక్క పడుకున్న నంది, రెండో పక్క రాజు ఏలుబడిలో ఎన్నో ఏడో చెప్పే అంకె. రాజు పేరు మాత్రం ఉండదు. ఫలానా రాజుదని చీటీ మీద రాసేది చదువుకున్నవాళ్ళ అంచనా. రేపు అంచనా మారితే చీటీ మారుతుంది. నంది అక్కడే పడుకునుంటుంది.

ఇదంతా వదినకి చెబుతుంటే ఆ ఫోనాయన మళ్ళీ చేశాడు. పన్నెండు వేలూ రిజర్వు బ్యాంకు అనుమతికట, పన్నుకట. 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ఒక ప్రకటన ఇచ్చింది. పాత నోట్లు, నాణేల అమ్మకాల్లో మాకే సంబంధం లేదు, మేం ఏ కమీషనూ అడగం, మా పేరు చెప్పి అడిగేవాళ్ళని నమ్మొద్దు అని. నేను ఫోన్ తీసుకుని ఒక్కటే అన్నాను. "కొనేది మీరు కదండీ, డబ్బులు మీరు కదా ఇవ్వాలి? విజయనగరం వచ్చి బిళ్ళ చూసుకుని, మీ పన్నెండు వేలూ అందులో పట్టుకుని మిగతావి ఇవ్వండి." ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చెయ్యలేదు.

వదిన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మీ అన్నయ్య పేరులో తప్పు పడితే పెన్షనే ఆపేసినారు. బిళ్ళ మీద తప్పు పడితే లక్షలొస్తాయని నమ్మేసినాను చూడు" అంది. నవ్వుతూనే అంది గానీ, నాకు నవ్వు రాలేదు. దుద్దులు చెవులకే ఉన్నాయి, అంతవరకు నయం.

తర్వాతి వారం ముగ్గురం విశాఖపట్నం వెళ్ళి, నాణేలు కొనేవాళ్ళ దగ్గర రెండు చోట్ల చూపించాం. జోడీగా ఉన్న పాత బిళ్ళలకి ఆరు వేల చిల్లర వచ్చింది. పరీక్ష ఫీజుకి సరిపోయింది. డబ్బీ సంగతి అడిగితే ఇద్దరూ ఒకటే అన్నారు, ఇందులో బిళ్ళ కంటే డబ్బీ వేయించిన ఖర్చే ఎక్కువని. పెన్షన్ కాగితం నాలుగోసారి వెళ్ళాక దిద్దారు.

మీ ఇళ్ళలో కూడా పోయినవాళ్ళు దాచుకున్న బిళ్ళలు, స్టాంపులు, నోట్లు ఉండే ఉంటాయి. అమ్ముకోవడం తప్పేం కాదు. వస్తువుని చూసి ధర చెప్పేవాళ్ళ దగ్గరికే వెళ్ళండి, ఇద్దరు ముగ్గురిని అడగండి. ముందు మనల్నే డబ్బు కట్టమనేవాళ్ళకి ఇంటి అడ్రసు కూడా చెప్పకండి.

అన్నయ్య నోట్‌బుక్కులో ఆ బిళ్ళకి ఒక పేజీ ఉంది. పెన్సిల్‌తో రాసుకున్నాడు, "లేబుల్‌లో ముంబయి అన్నారు. నక్షత్రం ఉంది, హైదరాబాద్" అని.

"అమ్మా, పంపి లేబుల్ మార్పించేద్దామా?" అంది మేనకోడలు.

"దానికి మళ్ళీ డబ్బులెందుకే, ఉండనీ. మీ నాన్న రాసింది పక్కనుంది కదా" అంది వదిన.