కోస్‌బాడ్ కొండ మీది బడి

ముంబయి నుండి సూరత్ దిశగా సాగే రైలుమార్గంలో, సుమారు 120 కిలోమీటర్ల దూరాన డహాణూ రోడ్ స్టేషన్ వస్తుంది. అక్కడికి ఉత్తరంగా, సముద్రతీరాన ఘోల్‌వడ్, బోర్డీ గ్రామాలు. బాటకు ఇరువైపులా చల్లని సపోటా తోటలు. తీరం విడిచి లోపలికి మళ్ళితే కోస్‌బాడ్ కొండ, దాని చుట్టూ వార్లీ గిరిజనుల పల్లెలు. ఎర్రమట్టితో అలికిన గోడల మీద వరిపిండితో తీర్చిన తెల్లని బొమ్మలు అక్కడి ఇళ్ళకు అలంకారం.

నన్ను ఈ కొండకు రప్పించినవి ఒక పుస్తకం, ఒక పసిపిల్ల కన్నీరు. ఆ రోజులలో నేను మానవతావాద విద్యాసిద్ధాంతం గురించిన ఒక ఆంగ్ల గ్రంథాన్ని తెనిగిస్తున్నాను. నేర్చుకోవాలనే తపన బిడ్డకు సహజంగానే ఉంటుందనీ, భయమూ అనాదరణా దానిని అణచివేస్తాయనీ, ఉపాధ్యాయుడు శాసించేవాడు కాక తోడ్పడేవాడు కావాలనీ ఆ సిద్ధాంతసారం. ఆ మాటలకు నేను ఒక గదిలో చక్కని తెలుగు వెదుకుతూ ఉండగా, మూడున్నరేళ్ళ మా తమ్ముడి కూతురు బడికి పోనని గుమ్మం పట్టుకుని ఏడ్చేది. పేజీ నిండా అక్షరాలు దిద్దితే తప్ప ఆ బడిలో ఆటకు వదిలేవారు కారు. “నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందిలే” అని నేనూ అన్నాను. ఇటువంటి సిద్ధాంతాలు కలిగిన దేశాలకే గాని, కిక్కిరిసిన మన తరగతి గదులకు పనికిరావని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అది నిజమో కాదో కోస్‌బాడ్ చరిత్ర చెబుతుంది.

1920లో గిజుభాయి బధేకా భావనగర్‌లో బాలమందిరం నెలకొల్పారు. అక్కడ ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో బోర్డీలో గ్రామ బాల శిక్షా కేంద్రాన్ని ప్రారంభించారు. ఆమెకు కుడిభుజమై నిలిచిన అనుతాయి వాఘ్, పదమూడవ యేట పెళ్ళయి, కొద్ది నెలలకే భర్తను పోగొట్టుకుని, పట్టుదలతో చదివి ఉపాధ్యాయిని అయిన స్త్రీ.

బడి తెరిచారు గాని దళితవాడ పిల్లలు రాలేదు. రానివారిని నిందించడం లోకరీతి. వీరు నిందించలేదు. బడినే ఆ వాడకు తీసుకుపోయి ఇళ్ళ ముంగిట నడిపారు. మరాఠీలో ముంగిలిని ‘అంగణ్’ అంటారు. అక్కడ పుట్టినదే ‘అంగన్‌వాడీ’. 1975 అక్టోబరు 2న కేంద్రప్రభుత్వం 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలుపెట్టాక ఆ మాట దేశమంతటా వ్యాపించింది. నేడు సుమారు 14 లక్షల కేంద్రాలకు అదే పేరు. మన తెలుగు పల్లెలలో నిత్యం వినిపించే ఆ మాటలో ఒక ముంగిలి ఉన్నదని నాకు ఇక్కడికి వచ్చిన తరువాతనే తట్టింది.

1950 దశకంలో కేంద్రం కోస్‌బాడ్‌కు తరలింది. ఇక్కడి పిల్లలు పశువులను మేపాలి. అందుచేత పచ్చికబయళ్ళలోనే పాఠాలు జరిగాయి. ఆడపిల్లలు చంటిబిడ్డలను చూసుకోవాలి. అందుచేత శిశుగృహమూ, బాలవాడీ, ప్రాథమిక పాఠశాలా ఒకచోట చేర్చి ‘వికాస్‌వాడీ’ అన్నారు. ఖరీదైన మాంటిసోరీ పరికరాలకు బదులు గులకరాళ్ళు, గవ్వలు, ఆకులు, గింజలు వచ్చాయి. వచ్చిన పిల్లలకు మొదట స్నానం చేయించి, గోళ్ళు తీసి, తల దువ్వేవారు.

మనిషి అవసరాలను గురించి అబ్రహాం మాస్లో 1943లో ప్రకటించిన వ్యాసాన్ని మనం ఒక నిచ్చెనగా చదువుకుంటాము. ముందు అన్నం, ఆ తరువాత భద్రత, ఆపైన ప్రేమ, గౌరవం, చిట్టచివరన ఆత్మసాఫల్యం. కాని ఒక అవసరం పూర్తిగా తీరితే తప్ప తరువాతది తలెత్తదనుకోవడం పొరపాటని మాస్లోనే హెచ్చరించాడు. కోస్‌బాడ్‌లో ఈ మెట్లన్నీ ఒక్క నీళ్ళచెంబులో కలిసిపోయాయి. ఒంటి మీద నీరు పోసే చేతిలో శుభ్రత ఉంది, ఆప్యాయత ఉంది, ‘నీవు మాకు కావాలి’ అనే గౌరవమూ ఉంది. నేర్చుకునే స్వేచ్ఛను గురించి కార్ల్ రోజర్స్ తన గ్రంథాన్ని వెలువరించినది 1969లో. అప్పటికి ఈ బడికి రెండు పుష్కరాలు నిండాయి.

కొండ దిగుతూండగా పదేళ్ళ పిల్ల ఒకతె ఎదురైంది. చంకలో తమ్ముడు, ముందు నాలుగు మేకలు. నన్ను చూసి నవ్వి, దారి ఇచ్చి, మేకలను అదిలించుకుంటూ సాగిపోయింది. తారాబాయి 1973లోనూ, అనుతాయి 1992లోనూ కన్నుమూశారు. వారు ఎవరికోసం బడిని ముంగిళ్ళకూ బయళ్ళకూ మోసుకుపోయారో ఆ పిల్ల ఇంకా దారిలోనే ఉన్నది.

ఇంటికి వచ్చి మా తమ్ముడితో మాట్లాడాను. బడి మార్చాము. నా తప్పును అలా దిద్దుకోగలిగాను. మేకల వెంట పోయిన పిల్లకు అటువంటి అవకాశం ఎవరు కల్పించాలి? ఈ మధ్య ఒక సాయంత్రం మా మేనకోడలు గుప్పెడు చింతపిక్కలు తెచ్చి నా కాగితాల మీద పోసింది. “అత్తా, ఇవి ఎన్నో నువ్వు చెప్పకు. నేనే చెబుతాను” అన్నది. అనువాదం పక్కన పెట్టి, అది లెక్కపెట్టేదాకా కూర్చున్నాను.