ఎనిమిది తొనల దిండు

మా అమ్మమ్మగారి ఊరు చీరాల. అప్పుడది ప్రకాశం జిల్లాలో ఉండేది, 2022 నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. ఎండాకాలం సెలవులు ఇవ్వగానే అమ్మ మమ్మల్ని రైలెక్కించేది. స్టేషన్లో దిగి, రిక్షాలో వీధి మలుపు తిరిగేసరికి మగ్గాల చప్పుడు ఎదురొచ్చేది. ఒక ఇంట్లో ఆగితే పక్కింట్లో మొదలయ్యేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ చప్పుడు వింటూనే అమ్మమ్మ వసారాలో చాప పరిచి, న్యూట్రిన్ చాక్లెట్ల రేకు డబ్బా మూత తీసేది. అది ఆవిడ కుట్టుడబ్బా. దారపు రీళ్లు, పాత చొక్కాల నుంచి కోసి దాచిన గుండీలు, ఒక మొండి కత్తెర, ఒక మంచి కత్తెర. అన్నిటి మధ్యా గుప్పెట్లో పట్టేంత గుమ్మడికాయ. అదే సూదుల దిండు.

చీరాలకు వాడరేవు సముద్రం ఆరేడు కిలోమీటర్లు. సాయంత్రం అయ్యేసరికి గాలి తిరుగుతుంది, ఒళ్లంతా ఉప్పుజిగురు. ఆ గాలికి ఇనుము నిలవదు. కొట్లో కొన్న సూదుల పొట్లం అలాగే వదిలేస్తే కొన్నాళ్లకే సూదుల మీద చుక్కలు తేలేవి. తుప్పు సూది గుడ్డలోకి దిగదు. బలవంతాన దింపితే కుట్టు వెంబడి గోధుమరంగు మరక వదులుతుంది. ఆ మరక చాకిరేవుకు వేసినా పోదు. అందుకే అమ్మమ్మ సూదుల దిండులో దూది పెట్టేది కాదు. వెంట్రుకలు కూరేది.

మా ఇంట్లో ఆడవాళ్లు తల దువ్వుకున్నాక దువ్వెనకు వచ్చిన చిక్కు వెంట్రుకల్ని వేలికి చుట్టి గోడ సందులో దోపేవాళ్లు. నెలకో రెణ్ణెల్లకో తట్ట నెత్తిన పెట్టుకుని ఒకామె వీధిలోకి వచ్చేది. వెంట్రుకలు తూచుకుని బదులుగా పిన్నీసులూ సూదులూ ఇచ్చి వెళ్లేది. ఆ ఉండల్లో కొన్నిటిని అమ్మమ్మ తీసి పక్కన పెట్టుకునేది. కుంకుడురసంతో ఉతికి, నీడన ఆరబెట్టేది. ఎంత ఉతికినా కొబ్బరినూనె జిడ్డు కొంచెం మిగిలే ఉంటుంది. ఆ జిడ్డే సూదికి కాపలా. గుచ్చినప్పుడల్లా సూది ఒంటికి నూనె రాసుకుని వస్తుంది. దిండు దగ్గర లేనప్పుడు అమ్మమ్మ సూదిని తన జుట్టులో ఒకసారి రాసుకుని కుట్టడం మొదలుపెట్టేది. వెంట్రుకలతో కొన్న సూదికి వెంట్రుకల్లోనే ఇల్లు కట్టిన ఆ తెలివి ఈ వయసులో తలుచుకున్నా నాకు ముచ్చటేస్తుంది.

1983 వేసవిలో మా పిన్ని తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆ ఏడు వసారాలో రోజూ బొంతల పనే. నాకు పదేళ్లు. సూదిలో దారం ఎక్కించడం నా వంతు, ఎందుకంటే అమ్మమ్మకు బెజ్జం కనపడేది కాదు. చేతి సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుందనీ, మిషను సూదుల్లో నంబరు పెరిగితే లావవుతుందనీ అప్పుడే నేర్చుకున్నాను.

చంటిబిడ్డ బొంతకు కొలత రెండు మూరల పొడవు, మూరన్నర వెడల్పు. కింద ఒక నూలుచీర ముక్క, మధ్యలో తాతయ్య పాత పంచె రెండు మడతలు, పైన ఇంకో చీర. ఇంట్లో కొత్త గుడ్డ తానులు తానులుగా ఉండేది, నేతవాళ్ల ఊరు కదా. అయినా బిడ్డ ఒంటికి కొత్తది తగలనిచ్చేవాళ్లు కాదు. "గంజి పోవాలి, పీచు చావాలి, అప్పుడే పసిదానికి పనికొస్తది" అనేది అమ్మమ్మ. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి మెత్తబడ్డ చీరనే తీసేది. జరీ ఉంటే ఆ అంచు కోసి పారేసేది, గీసుకుంటుందని. మూడు పొరలూ పరిచి, మధ్య నుంచి నాలుగు మూలలకూ పొడుగు పొడుగు కచ్చా కుట్లు వేసేది. అవి లేకపోతే పొరలు జరిగి బొంత ముడతలు పడుతుంది. ఆ తరవాత వేలెడు ఎడం చొప్పున వరసలు. ముడి ఎక్కడా పైకి తేలకూడదు, పొరల మధ్యకు లాగెయ్యాలి. అమ్మమ్మ కుట్టినంత సేపూ బొటనవేలితో వెనకవైపు తడుముతూనే ఉండేది.

ఒక సాయంత్రం సూది ఒకటి కనపడలేదు.

అమ్మమ్మ చాప దులిపింది. నేనూ అక్కా నేల మీద బోర్లా పడుకుని వెతికాం. దీపాలు పెట్టే వేళ అవుతోంది. ఆ వేళ దాటాక సూది ఎవరికీ ఇవ్వకూడదు, ఎవరినీ అడగకూడదు అనే ఇల్లు మాది. అమ్మమ్మ ఒక్క మాట మాట్లాడకుండా కుట్టిన బొంతంతా రెండు అరచేతుల మధ్య అంగుళం అంగుళం నొక్కుతూ వచ్చింది. చివరికి పంచె మడతలో తగిలింది. బయటికి తీసి, కాసేపు అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. పిన్ని గుమ్మంలో నిలబడి పొట్ట మీద చెయ్యి వేసుకుంది. ఆ ఇద్దరి మొహాలూ నాకింకా గుర్తే.

మర్నాడు పాత దిండు పక్కన పెట్టి కొత్తది కుట్టింది. జానెడు వెడల్పున గుండ్రంగా గుడ్డ కత్తిరించి, అంచు చుట్టూ కుట్టు వేసి దారం లాగితే చిన్న సంచి అయింది. వెంట్రుకలు గట్టిగా కూరి మూతి బిగించింది. లావు దారం దబ్బనానికి ఎక్కించి, నడిమధ్య నుంచి పైకి తీసి, పక్క నుంచి కిందికి తెచ్చి, మళ్లీ మధ్యలోకి దింపి గట్టిగా లాగింది. దిండు మీద ఒక గాడి పడింది. అలా ఎనిమిది సార్లు. ఎనిమిది తొనల గుమ్మడికాయ తయారైంది. నడినెత్తిన ఒక గుండీ కుట్టి నా చేతికిచ్చింది.

"తొనకో సూది. పొద్దుగూకేలోగా ఏ తొనా ఖాళీగా ఉండకూడదు. ఈ లెక్క నీది" అంది.

ఆ వేసవంతా రోజూ సాయంత్రం లెక్క చెప్పాను. ఖాళీ తొన చూడగానే కంటికి ఆనేది, లెక్కపెట్టే పనే ఉండేది కాదు. పిన్నికి ఆడపిల్ల పుట్టింది. అత్తవారింటికి వెళ్లేటప్పుడు మూడు బొంతలు, ఒక ఆవాల దిండు, అలాంటిదే ఇంకో సూదుల దిండు మూట కట్టి ఇచ్చారు. సూదుల దిండు నేను కుట్టిందే. తొనలు సమంగా రాలేదు. పిన్ని దాన్ని చాలా ఏళ్లు వాడింది.

అమెరికాలో, ఇంగ్లండులో టమాటా ఆకారంలో సూదుల దిండ్లు చేస్తారనీ, దానికి వేలాడే చిన్న స్ట్రాబెర్రీలో సానపొడి పోస్తారనీ, అందులో గుచ్చితే తుప్పు వదిలి మొన పదునెక్కుతుందనీ పెద్దయ్యాక తెలిసింది. అక్కడా వెంట్రుకలు నింపిన దిండ్లు ఉండేవట. చదివినప్పుడు మా వసారాలోకి చుట్టం వచ్చినంత సంతోషం కలిగింది.

ఇప్పుడు మా బంధువుల్లో ఎవరికి కాన్పు దగ్గరపడినా నేనొక బొంత కుట్టి ఇస్తాను. ఆవాల దిండు మాత్రం కుట్టను. ఏడాది నిండేదాకా పిల్లల తల కింద ఏ దిండూ వద్దని డాక్టర్లు చెబుతున్నారు, వాళ్ల మాటే సరైనది. బొంత కూడా తల్లి ఒళ్లో పరుచుకోవడానికి, మెలకువగా ఉన్నప్పుడు బిడ్డను ఆడించడానికి అని చెప్పి మరీ ఇస్తాను. పాత నూలుచీరలు దొరకడమే కష్టంగా ఉంది. ఎక్కువ మంది పాలియెస్టర్ కలిసినవి తెచ్చిస్తారు. అవి ఎన్నేళ్లు ఉతికినా నూలులా మెత్తబడవు, చెమట పీల్చవు. మీ ఇంట్లో అమ్మదో అమ్మమ్మదో అరిగిపోయిన నూలుచీర ఉంటే స్టీలు సామాన్లవాడికి వెయ్యకండి. చంటిబిడ్డకు అంతకంటే మంచి గుడ్డ ఏ కొట్లోనూ దొరకదు.

అమ్మమ్మ దిండు నా దగ్గరే ఉంది. పైగుడ్డ రెండుసార్లు మార్చాను, లోపలి వెంట్రుకలు ఆవిడ కూరినవే. ఇది రాస్తున్న వేళకు ఏడు తొనల్లో ఏడు సూదులున్నాయి. ఎనిమిదోది బొంతలో ఉంది. ఇంకా నాలుగు వరసలు కుట్టాలి.