అంచు గాడి

గిటార్ అంచు చుట్టూ తిరిగే సన్నటి పట్టీని చూసినవాళ్లు అది సోకు కోసమేననుకుంటారు. చీరంచుని కూడా అలాగే అనుకుంటారు కదా! గిటార్ పైచెక్క స్ప్రూస్, మందం 3 మిల్లీమీటర్ల లోపే. దాని నార కొసలన్నీ అంచు దగ్గరే తెరుచుకుని ఉంటాయి. తేమ పీల్చేదీ, దెబ్బ తగిలితే ముందు చిట్లేదీ అక్కడే. అందుకే అంచుని సుమారు 2 మిల్లీమీటర్లు లోపలికి, 6 మిల్లీమీటర్లు కిందికి మెట్టులా చెక్కి, అందులో వంచిన గట్టి చెక్క పట్టీని అతికిస్తారు. ఆ మెట్టే బైండింగ్ గాడి.

నేనుండే కలమజూ అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఉంది. గిబ్సన్ గిటార్ల ఫ్యాక్టరీ 1984 దాకా ఇక్కడే, పార్సన్స్ వీధిలో నడిచింది. ఈ ఊళ్లో ఒక చిన్న వర్క్‌షాపులో రెండేళ్లుగా శనివారాలు గిటార్ చెయ్యడం నేర్చుకుంటున్నాను. యాభై దాటాక ఇదేం పిచ్చే అని అడగని స్నేహితురాలు లేదు.

ఈ గాడిని రూటర్ మిషన్‌తో నిమిషాల్లో తీసేస్తారు. నేను చేత్తో తీస్తానన్నాను. "మీ ఆడవాళ్ల వేళ్లు సున్నితం, వచ్చేస్తుందిలే" అన్నాడు వర్క్‌షాపు పెద్దాయన, మెచ్చుకోలుగానే. ఆ మెచ్చుకోలుతోనే నాకు పేచీ.

గ్రామిల్ అనే పనిముట్టు ఉంటుంది. బాడీకి ఆనుకునే చిన్న దిమ్మ, దాన్నించి కొలతగా బయటికొచ్చిన బ్లేడు. ముందు పైచెక్క మీద, తర్వాత పక్కచెక్క మీద గీత కొయ్యాలి. ఒక్కసారే నొక్కితే బ్లేడు నార వెంట పారిపోతుంది. తేలిగ్గా, మళ్లీ మళ్లీ తిప్పాలి. ఆ రెండు గీతల మధ్య చెక్కని ఉలితో తియ్యాలి.

అసలు కష్టం కటవే దగ్గర. పై స్వరాలకి చెయ్యి అందేలా భుజం దగ్గర బాడీని లోపలికి తోసిన వంపు అది. నడుము వంపు కాస్త ఉదారంగా ఉంటుంది. ఇది జాకెట్టు చంక వంపంత బిగువు. సూటి దిమ్మ అక్కడ రెండు కొసల మీదే ఆనుకుని, బ్లేడుని లోపలికి పోనివ్వదు. అందుకని దిమ్మకి గుండ్రటి మొహం అతికించుకున్నాను. పైగా జానెడు దూరంలో నార వాలు తిరగబడుతుంది. ఇప్పటిదాకా వెన్నలో పోయినట్టు పోయిన ఉలి, వంపు తిరగ్గానే పేడుని లోపలికి లేపబోతుంది. అక్కడాగి అవతలి వైపునుంచి రావాలి. ఆ జానెడుకి నాకు రెండు శనివారాలు పట్టింది. వేళ్లు సున్నితంగా పుట్టడం కాదు, కాయలు కాశాయి.

లోపల, పైచెక్కనీ పక్కచెక్కనీ కలిపే పట్టీకి వరసగా గాట్లుంటాయి, వంపు తిరగడానికి. జాకెట్టు మెడ కుట్టేటప్పుడు లోపలి బట్టకి కత్తెర గాట్లు పెడతాం చూడండి, అదే సూత్రం.

మాది తెనాలి దగ్గర వడ్రంగి ఇల్లు. బాడిస, చిత్రిక, ఉలి – దసరాకి వాటికి బొట్లు పెట్టేది అమ్మా నేనూ. పట్టుకునేది తమ్ముడు. చిత్రిక పొట్టు ఎత్తి పొయ్యిలోకి మొయ్యడం మా వంతు. ఉలి దాటితే తిట్లు. తమ్ముడు ఆ పని వదిలేసి బ్యాంకులో చేరాడు. నాన్నకిప్పుడు 84. వీడియోలో కటవే చూపిస్తే కళ్లద్దాలు పైకి తోసుకుని, "నార ఎదురొచ్చేచోట పెన్సిల్ గుర్తు పెట్టుకున్నావా అమ్మా?" అన్నాడు. పెట్టుకున్నానన్నాను. "నీకెవరు చెప్పారు?" చిన్నప్పుడు గుమ్మంలో కూచుని చూశానన్నాను. ఇంకేం మాట్లాడలేదు. అమ్మని పిలిచి ఫోనిచ్చేశాడు.

1944లో ఆ పార్సన్స్ వీధి ఫ్యాక్టరీ ముందు తీసిన ఫొటో ఒకటుంది. అందులో వరసలుగా నిలబడ్డ స్త్రీలు. మగవాళ్లు యుద్ధానికి పోతే గిటార్లు చేసింది వీళ్లు. ఆ ఏళ్లలో తయారీ దాదాపు ఆగిపోయిందనే చాలాకాలం చెప్పుకున్నారు. జాన్ థామస్ అనే రచయిత ఆ స్త్రీలని వెతుక్కుంటూ వెళ్లి 2012లో 'కలమజూ గాల్స్' అనే పుస్తకం తెచ్చాడు. వాళ్ల గిటార్లకి ఎక్స్‌రేలు తీయించి లోపలి పని ఎంత నాజూకుగా ఉందో చూపించాడు. మంచి పని చేశాడు. కానీ దాన్ని పట్టుకుని "స్త్రీ స్పర్శ" అంటూ మురిసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. గరుకు కాగితంతో రుద్దగా రుద్దగా వచ్చిన నునుపుని స్వభావం ఖాతాలో వేసేస్తే, నైపుణ్యానికి కూలి ఎవరిస్తారు?

పైవైపు గాడి అయిపోయింది. వెనకచెక్క బోర్లించిన పళ్లెంలా కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. అక్కడ గ్రామిల్ వాలిపోకుండా సన్నటి చెక్కముక్క ఎత్తు పెట్టాలి. వచ్చే శనివారం కటవే వైపునుంచే మొదలుపెడతాను.