గృహప్రవేశం నాడు చెప్పని మాట

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు సిలికాన్ వ్యాలీలో ఇల్లు కొని చూడలేదు. నా చిన్ననాటి మిత్రుడు ఆ పనీ చేశాడు. మౌంటెన్ వ్యూలో వాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళి కారు దిగుతుంటే, కాలిబాట మీద గుండ్రటి ఇనప మూత ఒకటి కనిపించింది. మా ఆవిడ పట్టుచీర కుచ్చెళ్ళు సర్దుకుంటోంది. నేను ఆ మూత దగ్గరే ఆగిపోయాను.

నేను పర్యావరణ ఇంజనీర్ని. భూగర్భజలం నమూనాలు తీసే బావుల మీద అలాంటి మూతలుంటాయి. ఆ బావుల్ని ఊరికే తవ్వరు.

ఆ ఊళ్ళో మిడిల్‌ఫీల్డ్, ఎల్లిస్, విస్మన్ రోడ్ల మధ్య 1960, 70 దశకాల్లో చిప్పులు తయారుచేసే కర్మాగారాలు ఉండేవి. జిడ్డు వదిలించడానికి ట్రైక్లోరోఎథిలీన్, పొట్టిగా టీసీఈ, అనే ద్రావకం వాడేవారు. భూమిలో పాతిన ట్యాంకులూ గొట్టాలూ కారి అది నేలలోకి దిగింది. సంగతి 1980ల మొదట్లో బయటపడింది. సూపర్‌ఫండ్ చట్టం కింద శుభ్రపరిచే విధానాన్ని ఈపీఏ 1989లో ఖరారు చేసింది. ఒక్క శాంటా క్లారా కౌంటీలోనే ఇటువంటి సూపర్‌ఫండ్ స్థలాలు 23 ఉన్నాయంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

నూనె నీటి మీద తేలుతుంది. టీసీఈ నీటికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి అడుక్కి దిగిపోతుంది. ఇసుక పొరల్లోంచి దాన్ని తోడేయవచ్చు గాని, బంకమట్టిలోకి ఇంకితే తేలిగ్గా వదలదు. జాడీకీ మట్టికుండకీ ఉన్న తేడా అది. జాడీ కడిగితే శుభ్రపడుతుంది, కుండ మాత్రం ఎన్నాళ్ళు కడిగినా పీల్చుకున్న నూనెని కొంచెం కొంచెంగా కక్కుతూనే ఉంటుంది. అందుకే దశాబ్దాలుగా నీళ్ళు తోడి శుద్ధి చేస్తున్నా పని పూర్తి కాలేదు. ఐదేళ్ళకొకసారి ప్రభుత్వం సమీక్ష జరపాలని చట్టం.

తాగే నీటిలో టీసీఈ లీటరుకి 5 మైక్రోగ్రాములు మించకూడదు. 25 లక్షల లీటర్లు పట్టే ఒలింపిక్ ఈతకొలనులో రెండు టీ చెంచాలు కూడా కలపకూడదన్నమాట! మా కృష్ణా జిల్లా పల్లెలో నీళ్ళు పుక్కిలించి ఇది ఉప్పు బావి, ఇది మంచినీళ్ళ బావి అని చెప్పేవారు. ఈ పరిమాణాన్ని ఏ నాలుకా పట్టలేదు.

మౌంటెన్ వ్యూ కుళాయి నీళ్ళు ప్రధానంగా సియెర్రా కొండల్లోని హెచ్ హెచీ జలాశయం నుంచి వస్తాయి కనుక తాగే నీటికి భయం లేదు. భయమల్లా ఆవిరితోనే. నీటిలోంచి లేచిన టీసీఈ ఆవిరి మట్టి గుండా పైకొచ్చి, పునాది పగుళ్ళలోంచి ఇంట్లోకి రావచ్చు. క్యాన్సర్ సంగతి అలా ఉంచితే, మొదటి నెలల గర్భంలో శిశువు గుండెకు హాని జరగవచ్చన్నది ప్రధానమైన ఆందోళన.

ఆ రోజు పాలు పొంగించింది మిత్రుడి తమ్ముడి భార్య. ఆ అమ్మాయికి మూడో నెల. కింది గది వాళ్ళకేనని వదినగారు మురిసిపోతూ చూపించారు.

నేను పులిహోర తిన్నాను, ఇల్లు బాగుందన్నాను, తాంబూలం పుచ్చుకుని వచ్చేశాను. శుభమా అని ఇంట్లో అడుగుపెట్టిన రోజున ఆ మాట ఎలా చెప్పడం? ఆ మూత ఏ హానీ లేనిచోట వేసిన బావిదే కావచ్చు కదా? ఇలా నాకు నేనే సమాధానాలు చెప్పుకున్నాను. నాలుగు రాత్రులు నిద్ర పట్టలేదు. ఐదో రోజు ఫోన్ చేశాను.

"ఒరే, నీ ఉద్యోగమే అది కదరా! ఆ రోజే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తీరా చూస్తే, ఇల్లు కొన్నప్పుడు సంతకం పెట్టిన కాగితాల దొంతరలో ఈ సంగతి రాసే ఉంది. వాడు చదవలేదు. నిజం చెప్పాలంటే, మా ఇల్లు కొన్నప్పుడు నేనూ అన్నీ చదవలేదు.

తమ్ముడి సంసారం ఆ వారమే పై అంతస్తుకి మారింది. గాలి పరీక్షకు ముందు జిగురు సీసాలూ, మరకలు తీసే మందులూ, డ్రైక్లీనింగ్ నుంచి వచ్చిన చీరలూ ఇంట్లోంచి తీసేయాలన్నారు. "అన్నయ్యగారూ, మా పట్టుచీరలన్నీ మీ ఇంటికే!" అన్నారు వదినగారు. అంత దిగుల్లోనూ నవ్వొచ్చింది. తలుపులు మూసి హీటరు వేసే చలికాలంలోనే ఆవిరి ఎక్కువగా లోపలికి వస్తుంది గనుక అప్పుడు ఇంకోసారి పరీక్ష చేయించాము. ఘనపు మీటరు గాలిలో 2 మైక్రోగ్రాములు దాటితే ఇళ్ళలో త్వరగా చర్య తీసుకోవాలని అక్కడి ఈపీఏ 2014లో చెప్పింది. రెండుసార్లూ అంతకన్నా చాలా తక్కువే వచ్చింది.

పాప ఆరోగ్యంగా పుట్టింది. కాని ఆ ఫలితం నేను మాట్లాడబట్టి వచ్చింది కాదు. నేను నోరు మూసుకున్నా పాప అలాగే పుట్టేదేమో. అంకె ఇంకోలా వచ్చి ఉంటే? ఆ ప్రశ్న నన్నింకా వదల్లేదు.

సమీక్ష నివేదికల్లో "ప్రస్తుతానికి రక్షణ ఉంది" అని రాస్తాము. ఆ "ప్రస్తుతానికి" అన్న మాటకి అర్థం నాకు ఆ కింది గదిలో తెలిసింది. మన వాళ్ళం ఇళ్ళ ధరలు పడిపోతాయని ఇటువంటి సంగతులు ఎత్తము, ప్రజల కోసం పెట్టే సభలకీ వెళ్ళము. ఈమధ్య జరిగిన సభకి మా మిత్రుడు పాపని ఎత్తుకుని వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాడు. పక్క కుర్చీలో నేనూ ఉన్నాను.