గెట్టు మీద డబ్బా

ఈసారి పత్తి ముచ్చట కాదు, యూరియా ముచ్చట కాదు. మా బండ్ల బాట మీద ఒక డబ్బా పెట్టినం. దాని కథ చెప్త, ఓపిక ఉన్నోళ్ళు చదవండి.

మా లక్డారం అంటే చాలమందికి కంకర మిషన్లు, టిప్పర్లు యాదికొస్తయి. రోడ్డు మీద నడిస్తే నోట్లె దుమ్మే. కానీ మా చెల్కల దిక్కు ఒక బండ్ల బాట ఉన్నది. మా నాయిన ఎడ్ల బండి మీద గడ్డి తెచ్చిన బాట. అటు ఇటు సీతాఫలం చెట్లు, తంగేడు. ఇప్పుడు బండ్లు లేవు. పొద్దుగాల ఐదు గంటలకు పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు ఉరుకుతరు. మగపిల్లలకు 1600 మీటర్లు, ఆడపిల్లలకు 800 మీటర్ల పరుగు పరీక్ష ఉంటది కదా. ఐతారం వస్తే మా అక్క కొడుకు కూడా ఉరుకుతడు. గచ్చిబౌలిల కంప్యూటర్ పని చేస్తడు. వానికి ఈ బాట అంటే పానం.

సంక్రాంతి పోయినంక వాడు ఒక ప్లాస్టిక్ డబ్బా పట్టుకొని వచ్చిండు. "మామా, దీన్ని నీ గెట్టు మీద పెట్టుకోవచ్చా? జియోక్యాష్" అన్నడు.

"క్యాషా? పైసలు దాచనీకి నా గెట్టే దొరికిందారా?" అన్న.

నవ్విండు. ఆ క్యాష్ పైసలు కాదట, దాపెట్టిన సామాను అని అర్థమట. ఒకరు డబ్బా దాచి, అది ఉన్న జాగ అంకెలు ఇంటర్నెట్ల పెడతరు. ఇంకొకరు ఫోన్ పట్టుకొని వెతికి, అందులున్న పుస్తకంల పేరు రాసి, మళ్ళ ఉన్నకాడనే పెడతరు. అంతే ఆట.

ఇది మొదలైన కథ కూడా చెప్పిండు. జీపీఎస్ ఉపగ్రహాలు అమెరికా మిలటరీవి. మామూలు జనానికి వచ్చే సిగ్నల్‌ను వాళ్ళు కావాలనే చెడగొట్టి ఇచ్చేటోళ్ళు. దాంతోని వంద మీటర్ల దాక తప్పు చూపెట్టేది. 2000 మే మొదట్ల క్లింటన్ ప్రభుత్వం అది బంద్ పెట్టింది. వెంటనే, మే 3న, ఒరెగాన్ రాష్ట్రంల డేవ్ ఉల్మర్ అనే ఆయన అడవిల ఒక బకెట్ దాచి అంకెలు బయటపెట్టిండు. అందుల పుస్తకాలు, ఒక గులేరు, చిక్కుడు గింజల డబ్బా ఉండెనట.

మా దగ్గర అంకెలు 17, 78 తోని మొదలైతయి. చివరి అంకె ఒక్కటి మారితే దగ్గరదగ్గర రెండు గజాలు తప్పుతది అన్నడు. నాకు 33 అడుగుల గొలుసు యాదికొచ్చింది. ఆ గొలుసంత పొడుగు, అంతే వెడల్పు ఉంటే గుంట. రెండు గజాల కోసం అన్నదమ్ములు ఏండ్లకేండ్లు మాట్లాడుకోని ఇండ్లు మా దిక్కు ఉన్నయి. వీడు అవే రెండు గజాలతోని ఆట ఆడుకుంటున్నడు.

ఎక్కడ పెట్టాలె అని ఇద్దరం తిరిగినం. పాత క్వారీ గుంత అంచున బాగుంటది అన్నడు. వద్దన్న. అందుల నీళ్ళు నిండి ఉన్నయి, అంచు రాళ్ళు జారుతయి. అంకెలు చూసుకుంట నడిచేటోడు కాళ్ళ కింద చూడడు. యాపచెట్టు తొర్ర అన్నడు. అది పోచమ్మ చెట్టు, పైగ తొర్రల పాము ఉండచ్చు. ఆఖరికి నా గెట్టు మీద పేర్చిన రాళ్ళ సందు ఖాయమైంది. తవ్వుడు లేదు, పాతుడు లేదు. ఆ ఆటల అది గట్టి కట్టుబాటట. భూమి ఆసామిని అడగకుండ పెట్టొద్దు అనేది ఇంకొకటి.

ఈ మాట నాకు మనసుల పడ్డది. ఈ పదేండ్లల నా గెట్టు మీద కరెంటు స్తంభం పాతిండ్రు, పైపుకు తవ్విండ్రు, ప్లాట్ల బోర్డు నిలబెట్టిండ్రు. నన్ను అడిగి పెట్టింది ఈ డబ్బా ఒక్కటే.

డబ్బా మీద తెలుగుల "నిధి పెట్టె" అని రాసుకొచ్చిండు. "అరే, ఆ మాట తుడిచెయ్. గుప్తనిధుల కోసం గుళ్ళు తవ్వే దేశం మనది. నిధి అని చూస్తే తెల్లారేసరికి నా గెట్టు ఉండదు" అన్న. నేనే రాసిన: "ఇది ఆట డబ్బా. భయపడకండి. తెరిచి పేరు రాయండి. మళ్ళ ఇక్కడనే పెట్టండి." చుట్టు ఫ్యాక్టరీలు ఉన్న జాగ, దిక్కులేని డబ్బా కనబడితే జనం బెదురుతరు. అందుకే లోపలున్నది బయటికి కనబడే డబ్బా పెట్టినం.

చూసుకునే పని నాకు పడ్డది. పుస్తకం చెమ్మ పట్టకుండ గుప్పెడు బియ్యం వేసిన. వారానికి చీమలు పుట్ట పెట్టినయి. తినేది ఏదీ పెట్టొద్దని ముందే చెప్పిన కదా మామా అని అల్లుడు తిట్టిండు.

మూడు నెలలకు పుస్తకం తీసి చూస్తే 41 మంది రాసిండ్రు. అంకెలు పట్టుకొని పట్నం నుంచి వచ్చినోళ్ళు నలుగురే. మిగతావన్ని మనోళ్ళవే. ఒక ఆడపిల్ల "800 మీటర్లు, 4 నిమిషాల 50. ఇంట్ల ఇంకా చెప్పలే" అని రాసింది. క్వారీల పనిచేసే పిలగాడు ఒరియాల ఏదో రాసిండు, నాకు చదవరాదు. మేకలు కాసే తాతకు రాయరాదు, ఒక మేక బొమ్మ గీసిండు.

అసలు ముచ్చట ఇప్పుడు చెప్త. బాట పై కొసకు భూమి కొన్న ఒకాయన కడీలు పాతుకుంట ఏడాదికింత ముందుకొస్తున్నడు. రెండు బండ్లు పట్టిన బాట ఇప్పుడు ఒక ఆటోకు సరిపోతది. ఊరి నక్ష‌ల బాట ఉన్నది. అడిగితే ఆయన ఒకటే మాట, "ఎవ్వరు నడుస్తలేరు కదా, బాటెందుకు?" పోయినేడు నా దగ్గర జవాబు లేకుండె. నేను మధ్యాహ్నం పోయి మబ్బుల ఇంటికొస్తా, ఇంకెవరు నడుస్తున్నరో నాకు ఎరుక లేకుండె.

ఆట పుస్తకం ఆఫీసుల కాయితం కింద చెల్లదని నాకు తెలుసు. కానీ ఆ పేర్లు పట్టుకొని ఇండ్లకు పోయిన. ఆడపిల్ల నాయిన, తాత కొడుకు, ఇంకో ముగ్గురు రైతులు, నేను, ఆరుగురం కలిసి సర్వేకు దరఖాస్తు పెట్టినం. కడీలు ఇంకా అక్కడనే ఉన్నయి. సర్వేయర్ ఇంకా రాలే. వచ్చిననాడు మళ్ళ రాస్త.

అప్పటిదాక, ఇటు దిక్కు వస్తే బాట మీద ఒకసారి నడిచి పోండి. డబ్బా దొరికితే పేరు రాయండి. తవ్వకండి, నిధి లేదు.