జంగారెడ్డిగూడెం దాకా

2024 డిసెంబరు 15, ఆదివారం. తెల్లవారుజామున అయిదున్నరకి నిడదవోలు రైల్వే స్టేషన్ ముందు 19 మోటారు సైకిళ్ళు నిలబడి ఉన్నాయి. ఆరు బుల్లెట్లు, మిగతావి పల్సర్లు, హోండాలు. నాది పదకొండేళ్ళ నాటి స్ప్లెండర్. అన్నిటికీ హ్యాండిల్ దగ్గర చిన్న జెండా కట్టారు. మంచుకి ఎదుటివాడి మొహం కనబడటం లేదు.

మర్నాడు విజయ్ దివస్. 1971లో ఢాకాలో పాకిస్తాన్ సైన్యం మన సైన్యానికి లొంగిపోయిన రోజు. మా ఊళ్ళోని మాజీ సైనికులు కొందరు, వాళ్ళ పిల్లలు, స్నేహితులు కలిసి మిలిటరీ మాధవరం దాకా బళ్ళమీద వెళ్ళి, స్తూపం దగ్గర దండం పెట్టి రావాలనుకున్నారు. నేను సైనికుణ్ణి కాను. రైల్వేలో ట్రాక్ పని చేస్తాను. మా మేనమామ మిలిటరీలో చేశాడని తెలిసి నన్నూ రమ్మన్నారు.

ఇలాంటి ప్రయాణాలు పెద్ద ఎత్తున జరుగుతుంటాయి. ఆ ఏడాది జూన్‌లోనే, కార్గిల్ యుద్ధానికి పాతికేళ్ళు నిండాయని సైన్యంవాళ్ళు ధనుష్కోటి, ద్వారక, అస్సాంలోని దింజాన్ నుంచి మోటారు సైకిళ్ళమీద బయల్దేరి ద్రాస్ చేరారు. దారిలో మాజీ సైనికుల్ని, భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్ళని పలకరించుకుంటూ వెళ్ళారు. అమెరికాలో అయితే 1989 నుంచి, వియత్నాం యుద్ధంలో పోయినవాళ్ళ కోసం కాలిఫోర్నియా నుంచి వాషింగ్టన్‌లో వాళ్ళ పేర్లు చెక్కిన గోడ దాకా ఏటా వెళ్తున్నారు. మాది ఒక్క రోజు పని. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి అన్నం తినేయొచ్చు అనుకున్నాం.

ఎర్రకాలువ దాటి, తాడేపల్లిగూడెం మీదుగా మాధవరం చేరేసరికి ఎండ వచ్చింది. ఇంటికొకరు సైన్యంలో ఉంటారని ఆ ఊరికి పేరు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి వాళ్ళ తాతలు, తండ్రులు, కొడుకులు వరసగా వెళ్తూనే ఉన్నారు. స్తూపం దగ్గర పూలు పెట్టి నిలబడ్డాం. నాకు మా పాత ఊరు గుర్తొచ్చింది. మా కోయల్లో పోయినవాళ్ళ పేర రాయి నిలబెట్టే ఆచారం ఉంది. మా తాతకీ ఒక రాయి ఉండేది. పాపికొండల కింద, గోదారి ఒడ్డున. పోలవరం కోసం ఊరు ఖాళీ చేసినప్పుడు మనుషులం వచ్చేశాం, సామాను వచ్చింది, మేకలు వచ్చాయి. రాయి రాలేదు.

టిఫిన్లు తింటుంటే అడిగాను. "మా మావ జంగారెడ్డిగూడెం దగ్గర కాలనీలో ఉంటున్నాడు. పదిహేడేళ్ళు మద్రాస్ రెజిమెంటులో చేశాడు. అక్కడి దాకా వస్తారా?"

ఎవరూ కాదనలేదు. పెట్రోలు, టైము, సాయంత్రం పెళ్ళి అని ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్పారు. ఆఖరికి ఏడు బళ్ళు మిగిలాయి. ముందు బండి ఒక రిటైర్డ్ సుబేదారు గారిది. "తమ్ముడింటికి వెళ్ళకుండా రాయికి దండం పెట్టి ఇంటికెళ్తే ఏం బాగుంటుంది, పదండి" అన్నారు.

నల్లజర్ల, దేవరపల్లి, గోపాలపురం, కొయ్యలగూడెం. వరి పొలాలు వెనకబడి పొగాకు చేలు, పామాయిల్ తోటలు వచ్చాయి. దారి పొడుగునా నేను మావ గురించే ఆలోచిస్తున్నాను.

మా ఊళ్ళో ఖాకీ బట్ట కనబడితే పిల్లల్ని లోపలికి లాగేసేవాళ్ళు. 1922-24 మన్యం తిరుగుబాటు మీదికి మలబారు పోలీసుల్ని, అస్సాం రైఫిల్స్‌ని దింపారు కదా. ఆ భయం మా అమ్మమ్మకి వాళ్ళ నాన్న దగ్గర్నుంచి వచ్చింది. అలాంటి ఇంట్లోంచి మావ 1985లో సైన్యంలో చేరాడు. నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ట్రైనింగు. మొదటిసారి సెలవుకి యూనిఫారంలో వస్తే అమ్మమ్మ తలుపు తియ్యలేదట. "ముందు ఆ బట్టలు మార్చుకో, తర్వాత రా" అందట.

1987లో మావని శ్రీలంక పంపారు. శాంతి దళం అన్నారు గానీ అక్కడ జరిగింది యుద్ధమే. 1990 మార్చిలో ఆ దళం తిరిగొచ్చేలోపు మన సైనికులు దాదాపు 1,200 మంది పోయారు. ఆ యుద్ధానికి ఊరంతా జెండాలు కట్టే రోజంటూ లేదు. మావ దాని గురించి మాట్లాడగా నేను వినలేదు. ఒక్క ఆల్బర్ట్ ఎక్కా గురించి మాత్రం చెప్పేవాడు. 1971 యుద్ధంలో గంగాసాగర్ దగ్గర ప్రాణం ఇచ్చి పరమవీర చక్ర పొందిన ఉరావ్ ఆదివాసీ ఆయన. "మనలాంటోడే అల్లుడా, అడివి మనిషే" అనేవాడు.

కాలనీలో ఇళ్ళన్నీ ఒకేలా ఉంటాయి. మావ బనీనుతో గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఏడు బళ్ళ చప్పుడుకి లేచి నిలబడ్డాడు. సుబేదారు గారు దిగి సెల్యూట్ చేశారు. మావ గబగబా లోపలికెళ్ళి చొక్కా తొడుక్కొచ్చి, అప్పుడు తిరిగి సెల్యూట్ చేశాడు. పాత ఊళ్ళో అయితే వచ్చినవాళ్ళకి జీలుగు కల్లు పోసేవాళ్ళం. ఇక్కడ జీలుగు చెట్లు లేవు. అత్త కొట్టుకి పిల్లాణ్ణి పంపి కూల్ డ్రింక్ సీసా తెప్పించింది.

శాలువా కప్పాం, ఫొటోలు తీశాం. ఇక లేద్దామనుకుంటుంటే సుబేదారు గారు అడిగారు. "తమ్ముడూ, పింఛను సక్రమంగా వస్తోందా?"

మావ నా వైపు చూసి తల దించుకున్నాడు. "పది నెల్లయిందండి ఆగిపోయి."

నవంబరులో ఇవ్వాల్సిన జీవిత ధ్రువపత్రం అంతకుముందు ఏడాది ఇవ్వలేకపోయాడట. మిషను మీద వేలు పెడితే ముద్ర పడలేదు. కూలి పనికి వేళ్ళు అరిగిపోయాయి. మళ్ళీ రమ్మన్నారు. రెండు సార్లు వెళ్ళాడు. కాగితాల్లో పాత ఊరి అడ్రసు, ఆధార్‌లో కాలనీ అడ్రసు. ఆ ఊరు ఇప్పుడు లేదని చెప్పి ఒప్పించడం ఆయనకి చేతకాలేదు. మానేశాడు.

సుబేదారు గారు ట్రంకు పెట్టె తెరిపించారు. డిశ్చార్జి బుక్కు, పింఛను కాగితాలు, బ్యాంకు పుస్తకం ఒక్కొక్కటీ నేలమీద పరిచి ఫోనులో ఫొటోలు తీసుకున్నారు. వేలిముద్ర పడకపోతే కనుపాపతో గానీ, మొహం ఫొటోతో గానీ ఇవ్వొచ్చని చెప్పారు. ఆ వారంలోనే మావని ఏలూరు సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకెళ్ళారు. అక్కడ దారి చూపించారు. ఫిబ్రవరిలో పింఛను మొదలైంది, పాత బాకీతో సహా.

నిడదవోలుకి, ఆ కాలనీకి మధ్య బండిమీద రెండు గంటల దారి. ఆ పది నెలల్లో నేను నాలుగుసార్లు వెళ్ళాను. దసరాకి వెళ్ళాను, అత్తకి జ్వరమొస్తే వెళ్ళాను. మావ మిలిటరీ మనిషని నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను. పింఛను వస్తోందా అని ఒక్కసారీ అడగలేదు. అడగడం ఆయనకి చిన్నతనంగా ఉంటుందనుకున్నానని ఇప్పుడు చెప్పుకోవచ్చు. నిజానికి నాకు తట్టలేదు, అంతే.

తిరిగి వచ్చేటప్పుడు మావ బండి దాకా వచ్చి చెవిలో అడిగాడు. "మాధవరంలో రాయి మీద పేర్లున్నాయా అల్లుడా?"

"ఉన్నాయి మావా."

"మీ తాత రాయి మీద పేరు లేదు. అయినా అందరికీ తెలిసేది అది ఎవరిదో." కాసేపు ఆగి, "ఇప్పుడు నీళ్ళల్లో ఉంది" అన్నాడు.

ఈ డిసెంబరులో మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి ఏడు ఇళ్ళ పేర్లు రాసుకున్నాం. బుట్టాయగూడెం వైపు మూడు, జీలుగుమిల్లి వైపు రెండు, కాలనీల్లో రెండు. వాటిలో ఇద్దరు భర్త పోయిన ఆడవాళ్ళు. ఒక సంచీలో జెండాలు పెట్టుకున్నాం. ఇంకో సంచీలో దరఖాస్తు ఫారాలు, కార్బను కాగితాలు, పెన్నులు. మీ ఊళ్ళో సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళుంటే, మేం వచ్చేదాకా ఆగొద్దు. మీరే వెళ్ళి అడగండి.