మోడెం కొనేముందు చూసుకోవాల్సినవి (అత్తిలి వెర్షన్)

అమెరికాలో ఏఓఎల్ వాళ్ళు 2025 సెప్టెంబర్ 30తో డయలప్ సర్వీసు ఆపేశారు. ఆ వార్త రాగానే మా ఆఫీసులో కుర్రాళ్ళందరూ "అదింకా ఉందా!" అని నవ్వుకున్నారు. వెంటనే ఎవరో ఆ కీచుమనే చప్పుడు యూట్యూబులో పెట్టారు, అందరూ విన్నారు, అయిపోయింది. డయలప్ అంటే జనాలకి గుర్తున్నవి రెండే: చప్పుడు, నత్తనడక. అసలు దానికో మోడెం ఎంచుకోవడం, దాన్ని పాత కంప్యూటర్లో కూర్చోబెట్టడం ఎంత తలనొప్పో ఎవరూ చెప్పరు. అందుకే ఈ టపా. ఎవరికీ పనికిరాదని తెలుసు, అయినా రాస్తున్నా :-)

ముందే ఒక మాట. మా ఇంటికి కంప్యూటర్ వచ్చిన 2001లో నాకు నాలుగేళ్ళు. కాబట్టి ఇందులో నా గొప్పేం లేదు. మా నాన్నగారు జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. ఆయనకి ప్రతిదీ లాంగ్‌సైజు నోట్‌బుక్కులో రాసే అలవాటు. పోయిన సంక్రాంతికి అత్తిలి వెళ్ళినప్పుడు అటక మీద పాత 486తోపాటు ఆ నోట్‌బుక్కూ దొరికింది. కింద రాసేదాంట్లో సగం అందులోది, మిగతా సగం నేను ఆ డబ్బా విప్పి చూసి తెలుసుకున్నది.

సరే, విషయానికొద్దాం. తాడేపల్లిగూడెంలో ఒక డీటీపీ సెంటరు వాళ్ళు వదిలించుకుంటుంటే నాన్నగారు కొన్న మెషీను అది. 486 డీఎక్స్2, 66 మెగాహెర్ట్జ్, 16 ఎంబీ రామ్, విండోస్ 95. అప్పటికే పాతదే. మోడెం కోసం బెజవాడ వెళ్తే షాపువాడు ముందు చూపించింది పీసీఐ ఇంటర్నల్ కార్డు. వెయ్యి లోపే. నాన్నగారి 486లో పీసీఐ స్లాటు అనేదే లేదు, ఉన్నవన్నీ ఐఎస్ఏ స్లాట్లు. స్లాటు ఉన్నా ఉపయోగం లేదనుకోండి. ఆ చవక కార్డులు చాలావరకు విన్‌మోడెంలు. అంటే మోడెం చెయ్యాల్సిన లెక్కలు కార్డు చెయ్యదు, మీ ప్రాసెసర్ చేత చేయిస్తుంది. పెంటియం ఎంఎంఎక్స్ లాంటిది ఉంటే ఎలాగో లాగుతుంది. 486 అయితే కనెక్ట్ అయ్యేలోపే చేతులెత్తేస్తుంది. పైగా డ్రైవరు విండోస్‌కి మాత్రమే. తర్వాత్తర్వాత లినక్స్ వేసుకున్నవాళ్ళు ఈ కార్డుల వల్ల పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు. లూసెంట్ చిప్పు ఉన్నవాళ్ళు కాస్త అదృష్టవంతులు, వాటికి డ్రైవరు దొరికేది.

మిగిలినవి రెండు. పాత స్టాకులో ఉన్న ఐఎస్ఏ కార్డు, లేదా బయట పెట్టుకునే ఎక్స్‌టర్నల్ మోడెం. ఎక్స్‌టర్నల్ ఖరీదు దాదాపు నాలుగు రెట్లు. నాన్నగారు ఎక్స్‌టర్నలే తీసుకున్నారు. నోట్‌బుక్కులో కారణం ఒకే ముక్కలో రాసుకున్నారు: "పిడుగు." మా డెల్టాలో అది చిన్న విషయం కాదు. స్తంభం మీంచి కొబ్బరిచెట్ల మధ్యగా ఇంటికొచ్చే ఫోను వైరు వానాకాలంలో పిడుగుకి రాజబాట. ఇంటర్నల్ మోడెం అయితే మదర్‌బోర్డుని కూడా వెంటబెట్టుకుని పోతుంది. ఎక్స్‌టర్నల్ అయితే అదొక్కటే పోయే అవకాశం ఎక్కువ. మబ్బు పట్టిందంటే ముందు గోడలోంచి ఫోను వైరు పీకడం, తర్వాతే డాబా మీద వడియాలు తియ్యడం... మా ఇంట్లో ఆర్డరు అదీ.

ఐఎస్ఏ కార్డు కొని ఉంటే ఏమయ్యేదో కూడా నోట్‌బుక్కులో ఉంది. రేలంగిలో ఉండే ఆయన కొలీగ్ ఒకరు అది కొన్నారు. కార్డు మీద జంపర్లుంటాయి, వాటితో కామ్1 నుంచి కామ్4 దాకా ఏదో ఒకటి ఎంచుకోవాలి. కానీ కామ్1, కామ్3 రెండిటికీ ఐఆర్‌క్యూ 4, కామ్2, కామ్4 రెండిటికీ ఐఆర్‌క్యూ 3. మౌసు కామ్1లో ఉండి మోడెం కామ్3లో పెడితే డయల్ చెయ్యగానే మౌసు కొయ్యబారిపోతుంది. ఆయన తెలివిగా కామ్4 పెట్టారు. అప్పుడు మొత్తం మెషీనే బిగుసుకుపోయింది. ఎందుకయ్యా అంటే ఆయన వీడియో కార్డు ఎస్3. కామ్4 వాడే 2ఈ8 అనే అడ్రసుని ఆ కార్డులు కూడా వాడుకుంటాయి. మోడెంతో మాట్లాడదామని పోర్టు తడితే వీడియో కార్డు పలికిందన్నమాట. చివరికి కామ్2ని ఆపేసి, మోడెంని ఆ స్థానంలో పెడితే గానీ పని కాలేదు. ఇది తేలడానికి మూడు ఆదివారాలు పట్టిందట. ఇప్పుడైతే మనకి యూఎస్‌బీ తిరగేసి పెట్టామా అన్నదొక్కటే సమస్య.

మా ఎక్స్‌టర్నల్ మోడెం సంగతి వేరు. అది కనెక్ట్ కావడానికే మొరాయించింది. నంబరు తిప్పకుండానే "డయల్ టోన్ లేదు" అనేది. రిసీవరు ఎత్తి వింటే నిక్షేపంగా వినిపిస్తోంది! దాని కారణం నాకు భలే నచ్చింది. అమెరికా డయల్ టోను 350, 440 హెర్ట్జ్ రెండూ కలిపిన మోత. మన దేశంలోది 400 హెర్ట్జ్ మీద 25 హెర్ట్జ్ ఊగిసలాట. ఆ దేశానికని తయారైన మోడెంకి మన టోను టోనులాగే అనిపించదు. మందు ఏటీఎక్స్3 అనే కమాండు, అంటే "టోను కోసం చూడకు, గుడ్డిగా తిప్పెయ్" అని. విండోస్‌లో అయితే మోడెం ప్రాపర్టీస్‌లో ఒక టిక్కు తీసేస్తే చాలు. ఇది తెలియక మోడెం పాడైందని షాపుకి తిరిగిచ్చేసినవాళ్ళు ఎంతమందో.

తర్వాత సంచార్‌నెట్ అకౌంటు, 172222కి డయల్, కనెక్షను. డబ్బా మీద 56కె అని రాసి ఉన్నా మాకొచ్చింది 31,200. వాన పడితే 24,000. నాన్నగారు దీని మీద రెండు పేజీలు రాశారు, నేను రెండు ముక్కల్లో చెప్తా. 1998లో వచ్చిన వి.90 పద్ధతిలో 56కె రావాలంటే అవతల సర్వీసు వాళ్ళ దగ్గర్నుంచి మీ ఊరి ఎక్స్ఛేంజి దాకా సిగ్నలు డిజిటల్‌గానే రావాలి, మీ ఇంటి దాకా ఉన్న ఆఖరి తీగ మీద మాత్రమే అనలాగ్ అవ్వాలి. మధ్యలో ఎక్కడైనా ఇంకోసారి అనలాగ్ అయిందా, ఇక పెరుగుని మళ్ళీ పాలు చెయ్యమన్నట్టే. అప్పుడు మోడెం పాత వి.34కి దిగిపోతుంది, దాని హద్దు 33,600. కాబట్టి పల్లెటూరి లైను మీద 33.6 మోడెంకీ 56కె మోడెంకీ తేడా బిల్లులో మాత్రమే కనపడేది. నన్నడిగితే మోడెం బ్రాండు కంటే లైన్‌మాన్‌తో స్నేహం ముఖ్యం. స్తంభం మీద పెట్టెలో తుప్పు పట్టిన జాయింటు ఒకటి మార్చినందుకే మాకు 4,800 పెరిగిందని నోట్‌బుక్కు సాక్ష్యం.

అయినా పెద్ద ఫైళ్ళు దిగేవి కావు. మధ్యలో ఆగి ఆగి, కుంటుతూ వచ్చేవి. దీనికి దొంగ ఎవరో డాస్‌లో ఎంఎస్‌డీ అనే ప్రోగ్రాం పట్టించింది. సీరియల్ పోర్టు చిప్పు పాత 8250 రకం అని చూపించింది అది. (నేను మొన్న కార్డు విప్పి చూస్తే 16450. ఒక కుటుంబమే.) ఆ చిప్పులో ఒక్క బైటుకే చోటు. పోర్టు స్పీడు 1,15,200 పెడితే 87 మైక్రోసెకన్లకొక బైటు వచ్చి పడుతుంది. ఈలోగా విండోస్ డిస్కుతోనో బొమ్మతోనో బిజీగా ఉంటే వెనకొచ్చిన బైటు ముందున్నదాన్ని తొక్కేస్తుంది. ఒక్క బైటు పోయినా ఆ ప్యాకెట్టు మొత్తం మళ్ళీ రావాలి. 16550ఏ చిప్పులో అయితే 16 బైట్లు వరుసలో నిలబడతాయి. ఆ చిప్పున్న కార్డు దొరక్క, నాన్నగారు పోర్టు స్పీడుని 38,400కి తగ్గించారు. స్పీడు తగ్గించాక డౌన్‌లోడు తొందరగా అయింది! ఈ ఒక్క ముక్కతో నేను ఇంటర్వ్యూలో బఫర్ల గురించి పది నిమిషాలు మాట్లాడాను, ఉద్యోగం కూడా వచ్చింది.

ఇంత కష్టపడి చూసేదేంటి అంటే, తెల్లారగట్ల నాలుగింటికి లేచి ఈనాడు సైటు. ఆ ఫాంటు ఒకటి ముందు దించుకోవాలి, లేకపోతే అన్నీ కోడిగీతలే. అరగంటకి మొదటి పేజీ వచ్చేది. అయిదింటికి అదే పేపరు గుమ్మంలో పడేది. అమ్మ దీని గురించి చాలా ఏళ్ళు నవ్వింది.

తర్వాత నవ్వడం మానేసింది. అది 2004 జులై. ఆ రాత్రి నాన్నగారు తొమ్మిదిన్నరకి కనెక్ట్ అయి ఏదో పెద్ద ఫైలు దించుతున్నారు, మధ్యలో తెగకూడదని ఎవర్నీ ఫోను ముట్టుకోనివ్వలేదు. అదే సమయంలో పాలకొల్లులో అమ్మమ్మకి గుండెల్లో నొప్పి వచ్చింది. మావయ్య ఎస్టీడీ బూతు నుంచి చేస్తూనే ఉన్నాడు. ఎంగేజ్. గంటన్నర ఎంగేజ్. ఇక లాభం లేదని మా వీధి చివర కిరాణా కొట్టు నంబరు సంపాదించి చేస్తే, కొట్టాయన కట్టేసిన షట్టరు మళ్ళీ తీసి ఫోను ఎత్తి, మా తలుపు కొట్టాడు. ఆ తలుపు చప్పుడు నాకు గుర్తుంది. అమ్మ వెళ్ళేసరికి అమ్మమ్మ లేదు. ఆ గంటన్నర ముందు బయల్దేరి ఉంటే? చూసేదే.

అమ్మ నాన్నగారిని ఒక్క మాట అనలేదు. మోడెం తీసెయ్యమని కూడా అనలేదు. నాన్నగారు ఏం చేశారన్నది ఇన్నాళ్ళకి నోట్‌బుక్కులో చూశాను. జులై తర్వాత పేజీల్లో మొదట వి.92 గురించి ఉంది. 2000లో వచ్చిన ఆ పద్ధతిలో ఫోను వస్తే నెట్‌ని కాసేపు పక్కన ఉంచి మాట్లాడే వీలుంది. కానీ అది అవతల సర్వీసు వాళ్ళు కూడా పెడితేనే. మన డబ్బా మీద వి.92 అని ఉంటే సరిపోదు. దాన్ని కొట్టేశారు. రెండో ఫోను లైను అని రాసి, పక్కన ఖర్చు రాసి, దాన్నీ కొట్టేశారు.

ఆ కింద ఉన్నది చూసి నేను కాసేపు అలా కూర్చుండిపోయాను. డయలప్ వాడే ప్రతివాడికీ అందరూ చెప్పే మొదటి సలహా, కాల్ వెయిటింగ్ తీసేయించుకో అని. ఎందుకంటే వేరే కాల్ వచ్చినప్పుడు ఎక్స్ఛేంజి ఒక క్షణం లైను తెంపి టిక్కుమనిపిస్తుంది, మోడెం అవతలివాడు పోయాడనుకుని పెట్టేస్తుంది. తీసేయించుకోలేకపోతే ఎస్10 అనే రిజిస్టరు విలువ పెంచమంటారు. క్యారియరు పోయాక ఎంతసేపు ఓపిక పట్టాలో చెప్పేది అదే, సెకనులో పదో వంతుల లెక్కన. చాలా మోడెంలలో 14 ఉంటుంది, అంటే 1.4 సెకన్లు. నాన్నగారు ఎక్స్ఛేంజికి అర్జీ పెట్టి మరీ కాల్ వెయిటింగ్ పెట్టించుకున్నారు. ఎస్10ని 4కి దించారు. అంటే ఎవరు ఫోను చేసినా మోడెం వెంటనే పడిపోవాలి, మోడెం లైను వదలగానే ఆగి ఉన్న కాలు మోగాలి. పేజీలో తేదీలు వేసి, కిరాణా కొట్టు ఫోను నుంచి చేయించి, ఆరుసార్లు పరీక్షించారు. 14 దగ్గర ఆరింటికి రెండుసార్లే మోగింది. 7 దగ్గర నాలుగు. 4 దగ్గర ఆరుకి ఆరు.

దాని వల్ల ఊరికే గాలికి గీరుమన్నా కనెక్షను పోయేది. నా చిన్నతనమంతా రోజుకి పదిసార్లు తెగే నెట్టే. ఎందుకిలా అని అడిగితే నాన్నగారు "మన లైను అంతేరా" అనేవారు. నోట్‌బుక్కు పట్టుకెళ్ళి అడిగాను, "చెప్పలేదేంటి నాన్నా?" అని. "ఏం చెప్తాం?" అన్నారు. అమ్మ వంటింట్లోంచే, "ఎవరైనా ఫోను చేస్తే ఆ ఇంటర్నెట్టు దానంతటదే పారిపోయేది కదా, మంచి మోడెం అది" అంది. ఆమెకి ఎంత తెలుసో నాకు అర్థం కాలేదు. ఇద్దరూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ 486 హైదరాబాదులో నా టేబులు మీద ఉంది. బ్యాటరీ కారి బోర్డు మూల కాస్త తిన్నది గానీ బతికింది. మోడెం అడాప్టరు ఉబ్బిపోతే కొత్తది పెట్టాను. లాండ్‌లైను లేదు కాబట్టి రెండు ఫోను పోర్టులున్న ఒక వీఓఐపీ అడాప్టరు కొని, ఒకవైపు ఇది, ఇంకోవైపు లినక్స్ పెట్టెకి తగిలించిన మరో మోడెం పెట్టాను. ఇలా చేసేవాళ్ళకి ఒక సూచన: అడాప్టర్లో కోడెక్ జి.711 మాత్రమే ఉంచండి, నిశ్శబ్దాన్ని కుదించే ఆప్షను, ఎకో క్యాన్సిలేషను రెండూ ఆపెయ్యండి. అవి మాటల కోసం చేసినవి, మోడెం పాటని పాడుచేస్తాయి. నాకు 28,800 దగ్గర నిలబడింది. ఎక్స్‌ట్రా సెట్టింగ్స్ డబ్బాలో ఎస్10=4 ఇంకా అలాగే ఉంది, దాన్ని మార్చలేదు.

16550ఏ చిప్పున్న ఐఎస్ఏ సీరియల్ కార్డు ఒకటి కావాలి. గోదావరి జిల్లాల్లో ఎవరి అటక మీదైనా ఉంటే, జంపర్లు ఊడిపోకుండా ఉంటే, చెప్పండి. వచ్చి తీసుకెళ్తా.